కారు కింద పేపరు

పొద్దున్న అయిదూ పదికి కారు కింద పరిచిన పేపరు బయటికి లాగాను. మూడు చుక్కలున్నాయి. మూడూ వెనక కుడిచక్రం వైపే. ముందు చుక్కలు చూశాను, తర్వాత వాటి పక్కనున్న ఫోటో చూశాను. ఫోటోలో ఉన్నది సిస్టర్ గారు.

పైన "ప్రభువునందు నిద్రించిరి" అని ఉంది. కింద జ్ఞాపకార్థ కూడిక ఎప్పుడో, విశాఖపట్నంలో ఎక్కడో రాసుంది. పేపరు నాలుగు రోజుల కిందటిది. కూడిక మొన్ననే అయిపోయింది. ఆ పేపరు ఒక రోజు మా టీపాయ్ మీద, మూడు రోజులు పాత పేపర్ల దొంతరలో ఉంది. వాన పడుతుందో లేదో చూసి మడిచేశాను తప్ప లోపలి పేజీ తిప్పలేదు.

మా ఆవిడకి ఏడింటికి రాజమండ్రిలో డయాలసిస్. నిడదవోలులో మా గేటు నుంచి ఆసుపత్రి గేటుకి ఇరవై ఆరున్నర కిలోమీటర్లు. ఆరింటికల్లా బయల్దేరాలి. మంగళవారం, శుక్రవారం, నాలుగేసి గంటలు మిషను మీద ఉండాలి. ఆలస్యమైతే వెనక ఇంకొకరి వంతు ఉంటుంది కాబట్టి మన టైములోంచే కోస్తారు. ఒక గంట తగ్గినా ఒంట్లో నీరు మిగిలిపోతుంది. అలాంటి రాత్రి తను వెల్లకిలా పడుకోలేదు, ఊపిరాడదు. కాబట్టి యాభై నిమిషాల్లో ఆ చుక్కలేంటో తేల్చుకుని, కారు తియ్యాలో వద్దో నిర్ణయించుకోవాలి.

ఇలాంటప్పుడు నేను చేసే పని సిస్టర్ గారికి ఫోన్ చెయ్యడం. అలవాటుగా ఫోన్ తీశాను. ఆవిడ పేరు మీద వేలు పెట్టబోయి ఆగాను.

ఆవిడ ఒక మిషను ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో అందరికీ సిస్టర్ గారే. ఆ కారు ఆవిడదే. రెండేళ్ళ కిందట అమ్ముతారని తెలిసి వెళ్ళాను. నాకంటే ముందు ముగ్గురొస్తే ముగ్గుర్నీ పంపించేశారట. అందులో ఒకాయన డ్రైవింగ్ స్కూలు పెడతానన్నాడట. "రోజుకి పదిమంది చేత క్లచ్చి తొక్కిస్తారా దాన్ని?" అని వాకిట్లోనే సాగనంపారు.

నన్ను కూడా వాకిట్లోనే నిలబెట్టి అడిగారు. "మీకు దేనికి బాబూ కారు?"

"మా ఆవిడకి డయాలసిసండి. వారానికి రెండుసార్లు రాజమండ్రి వెళ్ళాలి."

"ఎన్నాళ్ళయింది మొదలుపెట్టి?"

"అయిదు నెలలండి."

"ఇన్నాళ్ళూ ఎలా తీసుకెళ్ళారు?"

"వెళ్ళేటప్పుడు బస్సండి. వచ్చేటప్పుడు తను నిలబడలేదు కాబట్టి ఆటో."

నన్ను కారు దగ్గరికి రమ్మన్నారు. తర్వాత కారు చుట్టూ తిప్పుతూ దానికున్న రోగాలు చెప్పడం మొదలుపెట్టారు. చలికాలం మొదటి సెల్ఫుకి స్టార్టవదు. ఎడమ వెనక తలుపు లోపల్నించి తెరుచుకోదు. ఎండలో గంట నడిస్తే రేడియేటరు వేడెక్కుతుంది. నాలుగో గేరు పడ్డప్పుడు మూలుగుతుంది గానీ దానికి భయపడక్కర్లేదు. అలా ఏడు చెప్పారు. అమ్మేవాళ్ళు ఇలా చెప్పడం నేనెక్కడా చూడలేదు. పుస్తకం తీసి ఏడూ రాసుకుంటుంటే, "రాసుకోండి. కానీ రాశాం కదా అని మర్చిపోకండి," అన్నారు.

నేను రైసుమిల్లులో వేబ్రిడ్జి దగ్గర కాటా రాస్తాను. చదువు పదితో ఆగింది. లెక్కలు నా అంతట నేను నేర్చుకున్నవే. ధాన్యం లారీ కాటా ఎక్కుతుంటే టైర్ల నొక్కుడు చూసి, రెండు మూడు క్వింటాళ్ళ తేడాలో బరువు చెప్పేస్తాను. కారు కొన్న రోజునే దానికో పుస్తకం పెట్టాను. ఎన్ని కిలోమీటర్లు, ఆయిలు ఎప్పుడు మార్చాం, టైర్లలో గాలెంత, అన్నీ ముందు సగంలో. వెనక సగంలో మా ఆవిడ బరువు, రోజుకి తాగిన నీళ్ళు, బీపీ.

సిస్టర్ గారు ఒకసారి ఆ పుస్తకం తిరగేసి, "ఇద్దరికీ ఒకటేనా?" అని నవ్వారు. అప్పుడు నాకు కొంచెం కోపమొచ్చింది.

కారు అమ్మేశాక కూడా ఆవిడ దాన్ని వదల్లేదు. డయాలసిస్ ముందు రోజుల్లో, అంటే సోమవారం, గురువారం సాయంత్రాలు, చర్చి పక్క వీధి నుంచి మా ఇంటికి నడుచుకుంటూ వచ్చేవారు. గేటు తీస్తూనే, "రాత్రెలా ఉంది?" అనేవారు. అంటే పేపరు మీద ఏం పడింది అని. కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. "కూర్చున్నానంటే మోకాళ్ళు మళ్ళీ లేవనంటాయి," అని కారు చుట్టూ తిరిగేవారు. వేలి కణుపులతో టైర్లు తట్టేవారు. బానెట్టు ఎత్తి, ఆయిలు చూసే పుల్ల లాగి, నాలుగు మడతలు పెట్టిన కట్టుగుడ్డతో తుడిచి, ముంచి, మళ్ళీ లాగి, ముక్కు దగ్గర పెట్టుకునేవారు. అద్దం మీదకి నీళ్ళు చిమ్మే బొడిపె మూసుకుపోతే మెడలో గొలుసుకున్న పిన్నీసు తీసి పొడిచి, మళ్ళీ గొలుసుకే పెట్టుకునేవారు.

కారు కింద రాత్రి పేపరు పరవడం నేర్పింది ఆవిడే. నల్లచుక్కయితే ఇంజను ఆయిలు. ఆకుపచ్చయితే రేడియేటరు. రంగు లేకపోతే ఏసీ నీళ్ళు, "అది చెమట, దానికి కంగారు పడకండి." తేనెరంగయితే బ్రేకు ఆయిలు. "దానికి మాత్రం కంగారు పడండి."

"పేషెంటు చెప్పేది సగం నమ్మాలి బాబూ. పక్కగుడ్డ చెప్పేది మొత్తం నమ్మాలి," అనేవారు. నలభై ఏళ్ళు పొద్దున్నే పక్కగుడ్డలు చూసిన మనిషి.

ఎదురింటి రిటైర్డ్ మాస్టారికి ఇదంతా వినోదం. "ఏంటి సిస్టర్ గారూ, కారుకి బీపీ చూస్తున్నారా?" అని అరుగు మీంచి కేకేసేవారు.

"మీ స్కూటరుకి చూడాలి మాస్టారూ. దాని పొగ చూస్తుంటే మీకంటే ముందు అదే పోయేలా ఉంది!"

మాస్టారు ఆ నెలలోనే స్కూటరు బాగుచేయించారు.

అయిదూ ఇరవై రెండు. కారు పక్కన పడుకుని కుడిచక్రం లోపలివైపు వేలు పెట్టాను. తడి తగిలింది. గాజుగ్లాసులో మంచినీళ్ళు తెచ్చి, ఆ వేలు ముంచాను. ఇంజను ఆయిలయితే నీళ్ళ మీద తేలి, ఇంద్రధనస్సులా పరుచుకుంటుంది. బ్రేకు ఆయిలయితే నీళ్ళలో కలిసిపోతుంది. ఇదీ ఆవిడ చెప్పిందే. కొంచెం మసకగా తిరిగి, కలిసిపోయింది.

ఆ గ్లాసు చూస్తుంటే ఇంకో గ్లాసు గుర్తొచ్చింది.

పోయిన ఆగస్టులో, డయాలసిస్ నుంచి తిరిగొస్తుంటే వేడి ముల్లు పైకి లేచింది. కాలువ గట్టు మీద ఆపాను. మా ఆవిడ వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఉంది. ఇరవై నిమిషాలు ఆగి, గుడ్డతో పట్టి మూత తిప్పి, సీసాతో కాలువలో నీళ్ళు ముంచి రేడియేటరులో పోశాను. మా వైపు ఎవరైనా చేసే పనే. రోడ్డు పొడుగునా కాలువ పారుతుంటే కారు కోసం నీళ్ళు కొనేవాణ్ణి మేం పిచ్చివాడి కిందే లెక్కేస్తాం. ఆ సాయంత్రం సిస్టర్ గారు మా ఆవిడని చూడ్డానికొస్తే గొప్పగానే చెప్పాను.

"లీటరున్నర పట్టిందండి. ముల్లు దిగిపోయింది."

"ఏ నీళ్ళు?"

"కాలువవేనండి."

"గోదారి వరద మీదుంది. ఎర్రనీళ్ళా?"

"ఎర్రవేలెండి. పారే నీళ్ళేగా!"

ఆవిడ వంటింట్లోంచి గాజుగ్లాసు అడిగి తీసుకుని, నా చేతికిచ్చి, కాలువ దాకా వెళ్ళి ముంచుకురమ్మన్నారు. తెచ్చాను. పిట్టగోడ మీద పెట్టి, "రేపు పొద్దున్న చూడండి," అని వెళ్ళిపోయారు. పొద్దున్న స్కేలు పెట్టి కొలిచాను. అడుగున నాలుగు మిల్లీమీటర్ల ఒండ్రు. లీటరున్నరకి ఎంతవుతుందో లెక్క కట్టాను. ఆ లెక్క పట్టుకుని కూర్చుని ఉండగా ఆవిడ వచ్చారు.

"మీ ఆవిడని పెట్టే మిషనుకి ఏ నీళ్ళు వాడతారో ఎప్పుడైనా చూశారా?"

"మేడ మీద ప్లాంటుందండి. శుద్ధి చేసి పంపిస్తారు."

"ఎందుకట? ఆసుపత్రి గోదారి ఒడ్డునే కదా. బకెట్టుతో తోడి పొయ్యొచ్చుగా. పారే నీళ్ళేగా."

ఆ రోజు రేడియేటరు మూడుసార్లు ఖాళీ చేసి కడిగాం. మొదటిసారి వచ్చింది చూస్తే టీ అనుకోవాలి. ఆ తర్వాత కూలెంటు పోశాం. అప్పట్నుంచీ కలిపిన కూలెంటు సీసాలు రెండు డిక్కీలో ఉంటాయి. కాలువ మీద వెళ్తుంటే ఇప్పటికీ నీళ్ళకేసి చూడను.

ఆవిడ మాట నేను వినడం మొదలుపెట్టింది ఆ గ్లాసు తర్వాతే. వినడం తగ్గించింది నవంబరు తర్వాత.

సార్వా వరి కోతల రోజులు. మిల్లు ముందు లారీలు బారులు తీరి ఉండేవి. నాకు రెండు షిఫ్టులు. ఒక శుక్రవారం తెల్లారగట్ల కారు గేటులోంచి తీస్తుంటే వెనక చక్రంలోంచి గర్రుమని చప్పుడు. సిస్టర్ గారికి ఫోన్ చేశాను. అయిదు నిమిషాల్లో చెప్పుల్లేకుండా వచ్చేశారు. మా ఆవిడ అప్పటికే వెనక సీట్లో ఉంది. వీధిలో నెమ్మదిగా నడపమన్నారు. నేను నడుపుతుంటే నా కిటికీ పక్కనే నడిచారు. నాలుగిళ్ళు దాటాక, "ఆపండి," అన్నారు. ఆపాను. చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పి, లాగేసుకున్నారు.

"బేరింగులా ఉంది. ఇవాళ ఈ కారు కదలదు."

"బేరింగు మార్పించి అయిదు వేల కిలోమీటర్లు కూడా కాలేదండి! పుస్తకం చూపిస్తాను."

"మీ పుస్తకం చక్రానికి తెలీదు బాబూ."

"ఇప్పుడు ఆటో దొరికేసరికి గంట పోతుంది. తనకి గంట పోతే ఏమవుతుందో మీకు తెలీదా? మీరు నర్సు కదండీ!"

"తెలుసు," అన్నారు. తాళం కొంగున ముడేసుకున్నారు.

సందు చివరికి పరిగెత్తాను. ఒక ఆటోవాడు పెట్రోలు లేదన్నాడు, ఒకడు కొవ్వూరు దాకే వస్తానన్నాడు. మూడోవాణ్ణి బతిమాలుకుని తీసుకొచ్చాను. ఆసుపత్రి చేరేసరికి ఎనిమిదీ పది. గంటా పది నిమిషాలు కోసేశారు. ఆ రాత్రి తను మూడు దిళ్ళు వీపుకి పెట్టుకుని కూర్చునే నిద్రపోయింది.

మర్నాడు మెకానిక్కు చక్రం ఊడదీస్తే, బ్రేకు పళ్ళానికీ దాని రేకుకీ మధ్య సెనగగింజంత కంకరరాయి. అరచేతిలో పెట్టి చూపించాడు. "ఒకసారి రివర్సు చేసుంటే అదే రాలిపోయేదండి," అన్నాడు. బేరింగు కొత్తదానిలా ఉంది. ఇంటికొచ్చి పుస్తకంలో రాశాను: నష్టం గంటా పది నిమిషాలు. కారణం రాయి. బేరింగన్నది సిస్టర్ గారు.

పదకొండు రోజులు ఫోన్ చెయ్యలేదు. ఆవిడ మాత్రం సోమవారం మామూలుగానే గేటు తీసుకుని వచ్చారు.

"రాయేనట కదా బాబూ. తప్పయింది."

"అవునండి," అన్నాను బిగుసుకుని.

"అయితే ఒక మాట. మళ్ళీ అలాంటి పొద్దున్నొస్తే మళ్ళీ తాళం తీసుకుంటాను."

మొండిమనిషి అనుకున్నాను. తప్పని ఒప్పుకుంటూనే మళ్ళీ అదే చేస్తాననడం ఏంటి? ఆ తర్వాత ఆవిడ చెప్పినవన్నీ వినేవాణ్ణి గానీ, లోపల కొంత తగ్గించుకుని వినేవాణ్ణి, తడి ధాన్యానికి తరుగు తీసినట్టు. క్రిస్మస్ వెళ్ళాక మోకాళ్ళు మరీ మొరాయించాయని విశాఖపట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే ఇంజను దగ్గర పెట్టమనేవారు. విని తేల్చేసేవారు, "బెల్టు. నీళ్ళు తగిలాయి. సాయంత్రానికి అదే ఊరుకుంటుంది." ఊరుకునేది. ఆఖరిసారి చేసి నెల దాటింది. ఆవిడకెలా ఉందని అడిగానో లేదో గుర్తు లేదు.

అయిదూ ముప్ఫై ఒకటి. బానెట్టు ఎత్తి బ్రేకు ఆయిలు డబ్బా చూశాను. కింది గీతకి పైన ఇంకా ఎనిమిది మిల్లీమీటర్లుంది. మెకానిక్కు షెడ్డు తీసేది తొమ్మిదింటికి. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

సరే, లెక్క. రాత్రికి మూడు చుక్కలు. ఇరవై చుక్కలకి ఒక మిల్లీలీటరు. ఆ లెక్కన కింది గీతకి రావడానికి నెలలు పడుతుంది. కానీ అది నిలబెట్టిన కారు. బ్రేకు తొక్కినప్పుడు ఎంత కారుతుంది? ఇక్కడి నుంచి ఆసుపత్రికి నూట నలభై మూడుసార్లు బ్రేకు తొక్కుతానని ఒకసారి లెక్కపెట్టాను. తొక్కుడికి ఒక చుక్క వేసుకుందాం. రానూపోనూ కలిపి మిల్లీలీటర్లలోకి మార్చాను. పద్నాలుగు వచ్చింది. సరిచూస్తే ఇరవై ఎనిమిది. ఇంకోసారి చేస్తే ఏడు. మెట్టు మీద కూర్చుని వేలితో అరచేతిలో రాసుకుంటూ మళ్ళీ మొదలుపెట్టాను. వంతెన మీద ఆటోలు అడ్డం పడినప్పుడు పెడలు మెత్తగా కిందికి దిగిపోతే ఎలా ఉంటుందో అన్న ఆలోచన మధ్యమధ్యలో వచ్చి అంకెలు కలిపేస్తోంది. కారు తియ్యకపోతే గంట పోతుంది. మూడు దిళ్ళు. ఆవిడుంటే ఒక్క మాటలో తేల్చేసేవారు. కానీ నవంబరులో అలా బేరింగని తేల్చేస్తేనే కదా, చివరికి రాయని బయటపడింది!

మా ఆవిడ తల దువ్వుకుని, దుప్పటీ, ఫైలూ పెట్టుకున్న సంచీతో బయటికొచ్చింది.

"ఏంటండీ, మెట్టు మీద కూర్చున్నారు?"

పేపరు అందించాను. తను చుక్కలు చూడలేదు, ముందు ఫోటోనే చూసింది. సంచీ కింద పెట్టి నా పక్కన కూర్చుంది. చాలాసేపు చదివింది, అక్కడున్నది ఆరు లైన్లే అయినా.

"మనకెవరూ చెప్పలేదే," అంది.

"ఎవరికి తెలుసు మనం?"

పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "మీ దగ్గర ఒక మాట దాచానండి. ఆవిడే చెప్పొద్దన్నారు. ఇంక చెప్పినా ఫరవాలేదనుకుంటా."

"ఏంటి?"

"ఆ రాయి రోజు. అది రాయేనని ఆవిడకి తెలుసు."

నేను తన మొహంలోకి చూశాను.

"మీరు ఆటో కోసం సందు చివరికి వెళ్ళినప్పుడు నా పక్కన నిలబడి చెప్పారు. 'రాయేనమ్మాయ్, వెనక్కి పోనిస్తే రాలిపోద్ది. కారుకేం లేదు. మీ ఆయన కళ్ళు చూశావా? రెండు రాత్రుళ్ళయి కన్ను మూసినట్టు లేదు. నాలుగిళ్ళు నడిపేసరికి రెండుసార్లు తల వాలింది, ఆ సంగతి ఆయనకే తెలీలేదు. వంతెన మీద ఇలాగే వాలితే?' అన్నారు."

"నాతో చెప్పొచ్చుగా!"

"నేనూ అదే అన్నాను. 'నిద్ర చాల్లేదంటే వినడమ్మా, పుస్తకం తెచ్చి చూపిస్తాడు. కారు బాలేదంటే వింటాడు,' అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అడిగారు. 'నీకు గంట పోద్ది. ఓర్చుకోగలవా?' అని. ఓర్చుకుంటానన్నాను."

"మరి తప్పయిందన్నారు?"

"అంటారు మరి. తనే పొరపాటు పడ్డానంటే మీకు బాగుంటుందని." కొంచెం నవ్వింది. "బాగుంది కూడా. ఆవిడ మీద కోపంతో ఆ పదకొండు రోజులూ ఎంత హాయిగా నిద్రపోయారో!"

ఎదురింట్లో మాస్టారు వాకిట్లో నీళ్ళు చల్లుతున్నారు. టైము చూసుకున్నాను. అయిదూ నలభై ఎనిమిది. లేచి నిలబడ్డాను.

"చుక్కలు బ్రేకు ఆయిలువే," అన్నాను. "కానీ డబ్బాలో ఉంది. ఎక్కువలో ఎక్కువ వేసుకున్నా, లెక్క ప్రకారం ఇవాళ్టికి వెళ్ళి రావచ్చు."

తను డబ్బా కేసి చూడలేదు. నా మొహం కేసి చూస్తోంది.

"రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు?"

దాళ్వా, అంటే రెండో పంట, కోతలు మొదలై తొమ్మిది రోజులయింది. నిన్న కాటా ఎక్కిన లారీలు నలభై ఒకటి. కారు తిరిగింది ఎంతో, తన బరువెంతో, నిన్న తను తాగిన నీళ్ళెన్నో అడిగితే పుస్తకం తెరవకుండా చెప్పగలను. నిద్రకి ఆ పుస్తకంలో గడి లేదు.

"తెలీదు," అన్నాను.

"అయితే ఆటో పిలవండి," అంది.